గీత చూసిన తరవాతే ప్రార్థన

1986 మార్చి 3, సోమవారం ఉదయం, శ్రీ ఫెలేటి లోలోహేయా గారు మన దీవిలోని ఈ నెయాఫు రేవు కార్యాలయంలో తాళ్లు కట్టే పనివానిగా చేరారు. అప్పటికి వారి వయస్సు ఇరవై. ఈ నెలాఖరున పడవల తనిఖీ అధికారిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ నలభై ఏళ్లలో ఆయన మరో కార్యాలయానికి మారలేదు, మారాలని కోరనూ లేదు.

మొదటి ఎనిమిదేళ్లు తాళ్లు, లంగర్లు, పడవలోకి చేరిన నీరు తోడే పంపులు. తరువాత గుమస్తాగా రాకపోకల పట్టీ రాశారు. సరంగులు చెప్పిన ప్రయాణికుల సంఖ్యను ఆయన ఏనాడూ నేరుగా రాసుకోలేదు. పడవ ఎక్కి, తలలు లెక్కించి, చంటిపిల్లలను సైతం చేర్చి రాసేవారు. 2001లో తనిఖీ అధికారి అయ్యారు. పడవ పక్కన గీసిన బరువు గీత నీటికి పైన కనబడితేనే పడవ కదలాలి. ఆ గీతను వంగి చూడడమే అప్పటినుండి ఆయన ప్రధాన కర్తవ్యం.

ఆదివారం చర్చి గాయక బృందంలో మంద్రస్వరంతో పాడే ఆయనకు, సోమవారం రేవులో నిలబడే ఆయనకు తేడా ఉండేది కాదని సహోద్యోగులందరూ ఎరుగుదురు. అయితే ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు నిలిచిన రోజు ఒకటి వచ్చింది. 2005 జూన్‌లో హాపాయి దీవుల్లో జరిగే చర్చి సంఘ మహాసభకు మన దీవి నుండి పడవ బయలుదేరుతోంది. ఏడేళ్ల పిల్లనైన నేను మా అమ్మమ్మతో ఆ పడవలోనే, చాపల కట్ట మీద కూర్చుని ఉన్నాను.

విందు పెట్టే దీవుల్లో ఆ ఏడు మనదీ ఒకటి. పెండలాలు, పందులు, చాపలు తెల్లవారేసరికే ఎక్కించారు. అవతల దీవుల వారి ముందు మన బల్ల నిండుగా ఉండాలని ఊరంతా ఆరు నెలలు పాటుపడింది. పాస్టరు సైమోనే గారు చేతులెత్తి వస్తువులన్నిటినీ ప్రభువుకు సమర్పించారు. ఫెలేటి గారు రేవులో పాడుతున్న గాయక బృందంలోనే ఉండడంవల్ల పాట ముగిసే వరకు కదలలేదు. పాట ముగిశాక వెళ్లి వంగి చూశారు. గీత నీటిలో మునిగి ఉంది.

"అయ్యా, సగం సరుకు దింపాలి," అన్నారు.

పాస్టరు గారు నిర్ఘాంతపోయారు. "ప్రార్థన అయిపోయిందయ్యా. దేవుడికి ఇచ్చేశాక మళ్లీ వెనక్కి తీసుకోమంటావా?"

"నేనూ ఆమెన్ అన్నానండి. అన్నాకే చూశాను. ముందు చూడాల్సింది. తప్పు నాదే."

పడవలోంచి ఎవరో వేళాకోళంగా అన్నారు: "విశ్వాసం తక్కువైందిరా ఫెలేటికి. పేతురు నీళ్ల మీద నడవలేదూ?"

"నడిచాడు. పందుల్ని వెంట తీసుకెళ్లలేదు," అన్నారు ఆయన.

కొందరు నవ్వారు. ఆయన అక్క ఆనా సీని గారు నవ్వలేదు. తమ్ముడి ఇంట అక్క మాటే పైమాట అని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. పెళ్లిలోనైనా చావులోనైనా ఆమె కూర్చున్నాకే ఆయన కూర్చోవాలి. విందుకు పెద్ద దిక్కు ఆమే. పైన ఉన్న పెండలాలు ఆమె తోటలోవే.

"తమ్ముడూ, నలుగురిలో నన్ను తల దించుకునేలా చెయ్యకు. పడవ వదులు."

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. తలెత్తకుండానే, "నీ మాట ఎప్పుడూ కాదనలేదక్కా. ఇవాళ కాదంటున్నా. గీత పైకుందని సంతకం పెడితే అది దేవుడి ముందు అబద్ధం. మొదట నా పెండలాలే దింపుతా," అన్నారు.

ఆపై ఒక్కొక్క బుట్టనూ తానే భుజాన మోసి దించారు. గీత బెత్తెడు పైకి తేలిన తరువాత సంతకం పెట్టారు.

ఆ ప్రయాణంలో తుఫాను రాలేదు. సముద్రం పళ్లెంలో నీళ్లలా నిలకడగా ఉంది. మన బల్ల మాత్రం అన్ని దీవుల బల్లలకన్నా చిన్నదైంది. తిరిగి వచ్చినవారు "గాలి కూడా లేదు కదయ్యా" అని ఏడాది పొడుగునా ఆయనను ఆటపట్టించారు. ఆనా సీని గారు మాట్లాడడం మానివేశారు. ఆయన ఆ ఏటి తొలి పంట పెండలాలను యథావిధిగా అక్క గుమ్మంలో పెట్టి వచ్చారు. ఆమె తీసుకున్నారు, పలకరించలేదు.

మరుసటి జూన్‌లో మహాసభ పడవ ఎక్కేవేళ పాస్టరు గారు చేతులెత్తబోతుండగా, ఆనా సీని గారు చాప మీదినుండే, "ఆగండి పాస్టరుగారూ. ముందు మా తమ్ముణ్ణి చూడనివ్వండి," అన్నారు. ఏడాది తరువాత తమ్ముణ్ణి గురించి ఆమె పలికిన మొదటి మాట అదే. నాటినుండి మన రేవులో తనిఖీ అయ్యాకే ప్రార్థన. పడవ ఏ సంఘానిదైనా ఇదే వరుస.

నేను ఈ కార్యాలయంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆనాడు దేవుని చిత్తం ఎలా తెలిసిందని ఆయనను అడిగాను. "పెద్ద విషయాల్లో నాకేం తెలీదమ్మా. ఇవాళ నాకప్పగించిన పని తెలుసు. అందులో అబద్ధం రాయకపోతే చాలనుకుంటా," అని మళ్లీ పట్టీలోకి తల వంచారు.

ఫెలేటి గారూ, ఈసారి మహాసభకు మీరు మొదటిసారిగా ప్రయాణికుడిగా వెళ్తున్నారు. మీ అక్కగారు తన పక్కనే మీకు చోటు ఉంచుతానన్నారు. ఆ పడవను తనిఖీ చేసేది నేను. మీరు నిశ్చింతగా కూర్చోవాలని మా కోరిక, అయినా మీరు ఒకసారి వంగి చూస్తారని మాకు తెలుసు. చూడండి. నేను పొరపడితే అందరి ముందూ చెప్పండి. అలా చెప్పగలిగే ఓపికతో, దృఢమైన మోకాళ్లతో, చెదరని చూపుతో ప్రభువు మిమ్మల్ని మా మధ్య చిరకాలం ఉంచుగాక.