చిరగని పుస్తకాలకు బహుమతి

గ్రంథాలయంలో అరలన్నీ నిండుగా, కుర్చీలన్నీ ఖాళీగా ఉండటానికి కారణం మరునాటి తనిఖీయే. గ్రంథపాలకురాలి బల్ల దగ్గర ఆమె మరిది, బస్సు డిపోలో మెకానిక్కు, నిలబడి బతిమాలుతున్నాడు.

“ఇంజిన్ల పుస్తకం ఇంటికివ్వు వదినా. ఎల్లుండే నా ప్రమోషన్ పరీక్ష.”

“ఇదిగో, ఇక్కడే నా కళ్ళముందు చదువుకో. చేతులు కడుక్కున్నావా?”

“పోయినేడు ఈ బట్టతలవాడికి జడలల్లే పుస్తకం కూడా అంటగట్టావే!”

“అప్పుడు ఎక్కువ పుస్తకాలిచ్చినవాళ్ళకు బహుమతి. ఈ ఏడు చిరిగిన పుస్తకం ఒక్కటీ లేనివాళ్ళకు. బయటికి పంపితే కదా చిరిగేది!”

“అంటే రేపు చిరిగింది ఒక్కటి కనిపించినా...”

“బహుమతి హుళక్కే. నోరు మూసుకుని చదువు.”

“చదువుదామంటే నూటపదో పేజీ చిరిగి ఉంది.”

“అబద్ధం! పొద్దున నేనే తిప్పి చూశాను, నిక్షేపంగా ఉంది.”

పర్రుమని చిన్న చప్పుడైంది.

“ఇప్పుడు చూడు.”

“ఓరి నీ దుంప తెగ! ముందు దాన్ని సంచిలో దాచెయ్. తనిఖీ ముగిసేలోపు మళ్ళీ ఈ గుమ్మంలోకి తెచ్చావో, ఊరుకోను!”

“నీ మాట ఎప్పుడైనా జవదాటానా వదినా? పరీక్ష రాశాకే తెస్తాను.”