మూడో హెడ్‌లైటు బల్బు

నూజివీడులో మెకానిక్ షెడ్డు ముందు కారాపి, రెడ్డిగూడెం నుంచి వచ్చిన టీచరుగారు దిగుతూనే మొదలుపెట్టారు.

"రెండు నెలల్లో ఇది మూడో హెడ్‌లైటు బల్బండీ. నేను కారుని గుంతల్లో దూకించేస్తున్నానట. ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దంటున్నారు మావారు."

"గుంతలకీ పోతాయి మేడం. కానీ ఇన్నిసార్లు పోతే మాత్రం చూసుకోవాల్సిందే. ఛార్జింగ్ ఎక్కువైతే లైట్లన్నీ వరసగా మాడిపోతాయి. ఉండండి, వోల్టేజీ చూస్తాను."

"ఎక్కువుందా?"

"లేదండీ, పద్నాలుగే, బాగానే ఉంది. వైర్లూ గట్టిగానే ఉన్నాయి. ఇంతకీ బల్బులు ఎవరు వేస్తున్నారు?"

"ఆయనేనండీ. తోటలో కాయ కోయించి వచ్చి, ఆ చేత్తోనే వేసేస్తారు."

"మామిడి సొన చేత్తోనా? అదీ సంగతి! ఈ బల్బు గాజుకి ఉత్త చేతి జిడ్డు అంటినా చాలు, అక్కడ వేడెక్కువై తొందరగా పోతుంది. ఇదిగో, పాతదాని మీద మచ్చ చూడండి."

"అయితే నా డ్రైవింగు తప్పు కాదన్నమాట!"

"కానే కాదండీ. కొత్తది వేసేయనా?"

"వద్దు, ఆ శుభ్రమైన గుడ్డ ఇలా ఇవ్వండి, నేనే వేస్తాను. మీరు నా ఫోనులో వీడియో తీయండి. అది మావారికి పంపాకే ఇంటికి బయల్దేరతాను."