తెగిన పడుగు

నకిరేకల్ దగ్గరి ఆ ఇంట్లో మగ్గం మీద చీర సగమే నేసి ఉంది. పడుగు పోగులన్నీ అడ్డంగా తెగి కిందికి వేలాడుతున్నాయి. కత్తెర పట్టుకుని చెల్లెలు, గుమ్మంలో అన్న.

“పడుగు మీద కత్తెర పెడితె ఇంటిమనిషిని కోసినట్టని అవ్వ చెప్పలేదానె?”

“చెప్పింది. మరి నేను చేసుకున్న డేవిడ్ ఇంటిమనిషి గాడా? నిన్న ఆయన చెయ్యి బండ మీద పెట్టి సుత్తెతోని కొట్టినవ్.”

“వాడు మన కులపోడు గాదు. మల్ల వాని పేరెత్తితె నిన్ను గూడ కొడత.”

“కొట్టు. గా చేతితోని ఆయన ఏం పని జేస్తడో ఎరుకేనా?”

“ల్యాబుల సీసాలు కడుగుతడు గావచ్చు.”

“డీఎన్ఏ చిన్న చిన్న ముక్కలను అతికి ఒక్క పొడుగు పోగు చేస్తడు. ఒక ముక్క కొస, ఇంకో ముక్క మొదలు ఒక్క తీరుగ ఉండాలె. గప్పుడే ఒకదాన్నొకటి పట్టుకుంటయి.”

“ఏ కులపోళ్ల ముక్కలు?”

“గది ఎవ్వరు అడగరు. కొసలు కలిస్తె చాలు.”

“నాకు చదువు చెప్పకు. దవాఖానల ఏమన్నరు?”

“రెండు వేళ్లు తీసేసిండ్రు. నలిగి పిండయినయట. అతుకెయ్యనీకి కొసలే మిగల్లేదన్నరు.”

అన్న తెగిన పోగుల వైపు చూశాడు.

“నేను సుత్తె తేలె, అన్నా. కత్తెరతోని కోసిన. కొసలన్నీ సాఫుగ ఉన్నయి. కూసొని పోగు పోగు అతుకు. నీకు పది వేళ్లున్నయి.”