కంపకు అవతల ఏడుగురు

సవారమ్మ అని ఒకామె ఉండె. మన ఎర్రమడుగు ఊరు డ్యాం నీళ్ళల్లో మునిగిపాయ గదా, ఆ ఊర్లో ఏ ఇంట్లో ఎవరుండ్రి, ఎవరి బిడ్డను ఎవరికిచ్చిరి, అంతా ఆమె నోట్లోనే ఉండె అనుకో. జనం కాలనీకొచ్చినాక ముసిలోళ్ళు ఒకరెనక ఒకరు పోతాంటే, ఇంగ మన ఊరి సంగతులు పుస్తకం రాయించల్ల అని పెద్దలనుకున్యారంట. రాసేదానికి బడిలో చదువు చెప్పే శేషఫణి అయ్యవారొచ్చె. నెలదినాలు సవారమ్మ కాడ కూసోని ఆమె చెప్పిందల్లా నోటుబుక్కుల్లో రాసుకున్యాడు. ఏమైందంటే, ఒకనాడు గత్తరొచ్చిన ఏటి సంగతి అడిగినాడంట. గత్తరంటే తెల్సు గదా మీకు, వాంతులూ బేదులూ, పొద్దున పట్టుకుంటే మాపటికి మనిషుండడు. సాలె నాగప్పింట్లో ఒకరికి తగిలిందని, ఇంటిల్లిపాదినీ, ఏడుగుర్నీ, ఊరిబయట గుడిసెలోకి తోలి దావకు అడ్డంగా ముళ్ళకంప కొట్టిరంట. కంప కాడ కడవతో నీళ్ళు పెడితే వాళ్ళొచ్చి తీసుకపోతాండ్రి. మూడోనాడు కడవ పెట్టింది పెట్టినట్లే ఉండె. నాలుగోనాడూ అట్లే ఉండె. ఎవరూ పోయి చూడలేదు. "కంప కొట్టింది మా నాయనే. కడవ పెట్టింది నేను. నాకప్పుడు ఎనిమిదేండ్లు" అనిందంట.

ఆ మాట పెద్దలకు తెల్సిపాయ. వాళ్ళల్లో ఓబుళరెడ్డి అనే పెద్దమనిషి నలుగుర్ని ఎంటబెట్టుకోని ఆమె కాడికి వచ్చె. పిల్లోళ్ళు చదివే పుస్తకమవ్వా, ఊరి పేరు చెడిపోతాది, మీ నాయన పేరు గూడా పోతాది, ఆ ఒక్కటి ఇడ్సిపెట్టు అని బతిమాలినాడంట. ఆమె నిమ్మళంగానే అనింది: "మా నాయన పేరే ముందు రాయించు రెడ్డీ. ఆ ఏడుగురి పేర్లు దాని కింద రాయించు. కాదంటే నేను చెప్పిందేదీ రాయొద్దు." వాళ్ళు ఒప్పుకోలేదు. అయ్యవారు నోటుబుక్కులన్నీ తెచ్చి ఆమె చేతుల్లోనే పెట్టి పాయ.

పుస్తకం అచ్చయ్యింది, సన్నగా. గుడి ఎవరు కట్టించిరి, సర్పంచులెవరెవరు, అంతే. సవారమ్మ అప్పట్నించి దావన పోయేవాళ్ళను పిలిచి కూసోబెట్టుకోని ఆ ఏడు పేర్లు చెప్తాండె. జనం ఆమె ఇంటి సందులో నడిసేదే మానుకున్యారు. ఆమె పోయిన దినం, ఆమె సొత్తు ఆమెకే అని నోటుబుక్కులు గూడా గుంతలోనే పెట్టిరి. శానా మర్యాదగా పెట్టిరిలే.

నేను ఆ సందులో కూసున్నోన్నే. నాగప్ప, రామక్క, పెద్ద ఈరన్న, చెన్నమ్మ, కిష్టప్ప... ఇంగా ఇద్దరుండ్రి. పోయినేడాది దాకా వాళ్ళ పేర్లూ చెప్తాంటి.