నీటి కొలువు, నమాజు వేళ

వెయ్యిన్ని తొమ్మిదివందల ఎనభై ఎనిమిదో సంవత్సరం జూలై పదకొండో తేదీ సోమవారం ఉదయం ఆరు గంటలకు, ఇరవై రెండేళ్ళ యువకుడొకరు, దర్జీ అయిన తండ్రిగారు స్వహస్తాలతో కుట్టిచ్చిన కొత్త చొక్కా ధరించి, మన నీటి శుద్ధి కేంద్రం హాజరుపట్టీలో సహాయ ఆపరేటరుగా తొలి సంతకం చేశారు. నాటి నుండి నేటి వరకు ముప్పై ఆరు సంవత్సరాలు, మధ్యలో ఒక్క పక్షం రోజులు మినహా, వారి సేవ అవిచ్ఛిన్నంగా సాగింది. ఈ నెలాఖరున షిఫ్టు ఇన్‌చార్జి హోదాలో పదవీ విరమణ చేస్తున్న వారిని సర్వీసు రిజిస్టరు ఏ పేరుతో గుర్తించినా, మనందరికీ వారు 'క్లోరిన్ భాయి' గారే. ఆ బిరుదు మనం ప్రదానం చేసినది కాదు. శుక్రవారం ఎంత అత్తరు పూసుకుని మసీదుకు వెళ్ళినా, వరుసలో పక్కన నిలబడినవారికి ముందుగా క్లోరిన్ వాసనే తగిలేదట. అక్కడి పిల్లలు పెట్టిన పేరు అక్కడి నుండి సైకిలెక్కి వారితోపాటే కార్యాలయానికి వచ్చేసింది.

అభినందన సంచికలో తమను గురించి ఒక వ్యాసం ప్రచురిస్తామని విన్నవించినప్పుడు, భాయి గారు పెట్టిన నియమం ఒక్కటే. "ఆ శుక్రవారం సంగతి రాయండి. అది రాయకపోతే మిగతాది కూడా రాయొద్దు, అంతా అబద్ధమైపోద్ది." కనుక ఆ పక్షం రోజుల లోటుకు కారణమైన సంగతి కూడా ఇందులో చోటు చేసుకుంటున్నది.

ఉద్యోగంలో తొలి ఏడేళ్ళు భాయి గారిని ఎవరూ భక్తులుగా ఎరుగరు. వారు కూడా తమను అలా భావించుకోలేదు. సాయంత్రమైతే వాలీబాల్, శుక్రవారం మధ్యాహ్నం వీలైతే మసీదు, వీలుకాకపోతే లేదు. అయితే పనిలో మాత్రం ఆనాడే వారిది నిశితమైన చూపు. వడపోత తొట్టిలో ఇసుక పొర ఎక్కడ బిగుసుకున్నదో గట్టు మీద నడుస్తూ నీటి కదలికను చూసి చెప్పగలిగేవారు. నాలుగేళ్ళకే పూర్తి ఆపరేటరుగా పదోన్నతి పొందారు. వివాహమైంది, ఇద్దరు ఆడపిల్లలు కలిగారు.

తొంభై అయిదులో తండ్రిగారు కాలధర్మం చెందారు. చివరి రోజుల్లో మంచం మీద నుండి లేవలేకపోయినా కనుసైగలతోనే నమాజు చేసిన తండ్రిని చూసిన కుమారుడు, అయిదు పూటల ప్రార్థనలో ఒక్కటీ తప్పనని ఆయన తలాపిన నిలబడి సంకల్పించుకున్నారు. సంకల్పం ఉదాత్తమైనదే, ఆచరణ మాత్రం కొంత కాలం గతి తప్పింది. "కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు చూడండి, అట్లా ఉండేది నా భక్తి" అని ఇప్పుడు వారే నవ్వుతూ చెబుతారు. ఇంట్లో రేడియో మూగబోయింది. పిల్లల ఆటపాటలకు ఆంక్షలు మొదలయ్యాయి. పంపు గదిలో పావుగంటలో ముగిసే ప్రార్థన ముప్పావుగంటకు పెరిగితే, ఆ వ్యవధిలో గేజీలు చూసే భారం తోటివారి మీద పడేది. పైకి ఎవరూ ఏమీ అనలేదు. దైవకార్యానికి అడ్డుపడ్డామన్న మాట మనకెందుకులే అనుకున్నారు.

ఇక ఆ శుక్రవారం. తొంభై ఏడు ఆగస్టు ఇరవై రెండో తేదీ. భాయి గారిది ఉదయం ఆరు నుండి మధ్యాహ్నం రెండు వరకు ఉండే షిఫ్టు. జుమా, అంటే శుక్రవారపు సామూహిక ప్రార్థన, ఒంటిగంటా పావుకు మొదలవుతుంది. అందుచేత మధ్యాహ్నపు షిఫ్టు ఆపరేటరు ప్రతి శుక్రవారం ఒక గంట ముందే వచ్చి బాధ్యత స్వీకరించాలని ఇద్దరి నడుమ నోటిమాటగా ఒక ఒప్పందం ఉండేది. ఆ రోజు ఒంటిగంటకు రావలసిన ఆ ఆపరేటరు బంధువుల ఇంట విందుకు వెళ్ళి, రెండో పంక్తి దాకా ఆగి, తీరిగ్గా రెండుంబావుకు వచ్చాడు. అతడే ఈ వ్యాసకర్త.

భాయి గారు ఒంటిగంటా పది వరకు వేచి చూశారు. తూర్పు వీధులకు నీరు వదిలే వాల్వు అప్పటికే తెరిచి ఉంది. క్లోరిన్ గేజి ముల్లు ఉండవలసిన చోటే ఉంది. ఇప్పుడో ఇంకాసేపటికో వచ్చేస్తాడులే అనుకుని తాళాలు గేటు కాపలాదారు చేతికిచ్చి సైకిలెక్కారు. వారు వీధి మలుపు తిరిగారో లేదో, క్లోరిన్ మోతాదు వెళ్ళే సన్నని గొట్టం పూడుకుపోయింది.

ఆనాటి ప్రసంగంలో ఇమాము గారు ఏమి బోధించారో వారికి ఒక్క ముక్క చెవిన పడలేదు. నుదురు నేలకు ఆనించినా కళ్ళ ముందు గేజి ముల్లే కదలాడింది. ప్రార్థన ముగియగానే ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి వచ్చి, కుళాయి నీటిని పరీక్షనాళికలో పట్టి మందు చుక్కలు వేశారు. క్లోరిన్ ఉంటే నీరు పసుపు రంగుకు తిరగాలి. తిరగలేదు. మళ్ళీ పట్టి చూశారు. మళ్ళీ తిరగలేదు. వాల్వు మూసి, అక్కడే స్టూలు మీద కూలబడ్డారు. తృప్తిగా భోంచేసి వచ్చిన సహోద్యోగికి కనిపించిన దృశ్యం అది.

"ఏమైంది భాయ్?"

"యాభై నిమిషాలు ఒట్టి నీళ్ళు పోయినాయి."

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"ఇంకేం మరి! మోతాదు కాస్త పెంచేద్దాం. లాగ్‌బుక్కులో రెండు అంకెలు వేస్తే సరిపాయె. నువ్వూ బతుకుతావు, నేనూ బతుకుతాను."

భాయి గారు తలెత్తి చూశారు. కోపం లేదు, చూపు మాత్రం తిప్పుకోలేదు. "పైవాడికి తెలుసని నీకు చెప్పను. అది నాకూ ఆయనకూ ఉన్న గొడవ. ఆ నీళ్ళు పట్టుకున్నవాళ్ళకి తెలియాలి కదరా! తెలిస్తే కాచుకునైనా తాగుతారు."

అంకెలు వేయలేదు. 'డ్యూటీ ఆపరేటరు 1.10 గంటలకు అనుమతి లేకుండా స్థానము విడిచి వెళ్ళెను' అని తమ చేతులతోనే లాగ్‌బుక్కులో నమోదు చేసి, సూపరింటెండెంటు గారికి ఫోను చేశారు. అరగంటలో మైకు కట్టిన ఆటో వచ్చింది. నీరు పారబోయండి, లేదా మరగకాచి తాగండి అని తూర్పు వీధుల్లో సాయంత్రం వరకు ప్రకటించిన గొంతు కూడా వారిదే. శాఖాపరమైన విచారణలో సంజాయిషీ ఇస్తూ, రావలసిన మనిషి రాలేదన్న మాటను మాత్రం ఎక్కడా రాయలేదు. ఆ మనిషి కూడా నోరు మెదపలేదు. భయం వల్ల అన్నది నిజం. అది సమర్థన కాదు. ఆనాడు డెబ్బై అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడు, ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇరవై ఏడేళ్ళు ఆలస్యం చేసి, ఈ సంచిక ముఖంగా, అందరి ఎదుట, భాయి గారికి క్షమాపణ చెప్పుకుంటున్నాడు.

మూడు రోజుల్లో తూర్పు వీధుల్లో నలుగురు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. ముగ్గురు ఇంటి దగ్గరే కోలుకున్నారు. ఏడేళ్ళ పాప ఒకతెను ఆసుపత్రిలో చేర్చి సెలైను ఎక్కించవలసి వచ్చింది. ఆ నీటి వల్లనేనని చెప్పలేమని వైద్యులన్నారు. ఆ మాటను ఊరటగా స్వీకరించడానికి భాయి గారి మనస్సు అంగీకరించలేదు. మసీదుకు వెళ్ళి, ఇమాము గారి ఎదుట కూర్చుని జరిగినదంతా విన్నవించారు. వృద్ధులైన ఆ ఇమాము గారు అంతా విని ఇలా అన్నారట.

"నమాజులో లోటు జరిగితే అది నీకూ అల్లాహ్‌కూ మధ్య మాట నాయనా. ఆయన దయామయుడు, అడిగితే మాఫ్ చేస్తాడు. ఆ పాప హక్కు ఉంది చూడు, అది మాత్రం ఆయన పాప దగ్గరే వదిలిపెట్టాడు. అక్కడికి పోయి అడుగు." వారే మళ్ళీ అన్నారు: "కదిలితే జనానికి హాని జరిగే చోట కాపలా ఉన్నవాడికి జుమా తప్పనిసరి కాదు. ఉన్నచోటే జుహర్, అదే మామూలు మధ్యాహ్నపు నమాజు, చదువుకుంటే చాలు. నీకెవరూ చెప్పలేదా?"

"చెప్పలేదు హజ్రత్." ఆ తరువాత తమ మాటను తామే సరిదిద్దుకున్నారు. "నేనడగలేదు."

ఆసుపత్రిలో పాప మంచం పక్కన ఆమె అమ్మమ్మ కూర్చుని ఉన్నారు. భాయి గారు గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, ఆ రోజు నీళ్ళ దగ్గరుండాల్సినవాణ్ణి నేనే. వదిలేసి పోయాను. నన్ను క్షమించండి" అన్నారు. ఆమె తిట్టలేదు, కూర్చోమని కూడా అనలేదు. "క్షమించడానికి నేనెవర్ని బాబూ? కడుపునొప్పితో మెలికలు తిరిగింది అది. దాన్నే అడుక్కో" అన్నారు.

పాప ఆయన్ను ఎగాదిగా చూసి, "మళ్ళీ వెళ్ళిపోతావా?" అని అడిగింది.

"వెళ్ళనమ్మా."

"అయితే సరే" అని అటు తిరిగి పడుకుంది.

శిక్షగా పక్షం రోజుల సస్పెన్షను, ఒక ఏడాది ఇంక్రిమెంటు కోత విధించబడ్డాయి. ఆ పక్షం రోజుల గురించి వారి శ్రీమతి గారు ఇటీవల చెప్పిన మాట ఉల్లేఖనీయం. "రోజంతా జానమాజు చాప మీదే కూర్చునేవారు. మూడోనాటికి నేనే లేపాను. ఏమండీ, ఆయన మిమ్మల్ని ఇరవై నాలుగ్గంటలూ పిలవలేదు, అయిదుసార్లే పిలిచాడు, మిగతా టైములో కాస్త ఈ పిల్ల జడ అల్లండి అన్నాను." భాయి గారు జడ అల్లారు. వంకరగా వచ్చిందట. రేడియో కూడా మళ్ళీ పాడింది.

తిరిగి విధుల్లో చేరిన నాటి నుండి పంపు గది గోడ మీద రెండు సమయ పట్టికలు పక్కపక్కన వెలిశాయి: ఒకటి గంట గంటకూ నీటి నమూనా తీసే వేళలది, రెండవది నమాజు వేళలది. రెండూ ఒకేసారి ఎదురైతే ముందు నమూనా, ఆ తరువాత నమాజు. ప్రార్థనకు నిలబడే ముందు, "గేజి నీదే" అని తోటి ఉద్యోగికి వినిపించేలా చెప్పి, "నాదే" అన్న జవాబు విన్న తరువాతే చేతులు కట్టుకునేవారు. ఇతరుల పండుగలనాడు తామే డ్యూటీ చేసి, అందుకు బదులుగా శుక్రవారాలు అడిగేవారు. అడిగినవన్నీ దొరకలేదు, దొరకనినాడు పంపు గదిలోనే జుహర్ చదువుకున్నారు. ఉపవాస మాసంలో సూర్యాస్తమయమైతే ఒక ఖర్జూరం, మన కుళాయి నీరు ఒక గ్లాసు, అదీ నాళికలో పసుపు రంగు చూసిన తరువాతే. బాధ్యత అప్పగించేవారు, స్వీకరించేవారు ఎదురెదురుగా నిలబడి సంతకాలు చేయాలన్న నిబంధన ఈనాడు మన సంస్థ కేంద్రాలన్నింటిలోనూ అమలులో ఉంది. దానిని ప్రతిపాదిస్తూ తొంభై ఎనిమిదిలో పై అధికారులకు వినతిపత్రం సమర్పించినది భాయి గారేనని కొత్తతరం ఉద్యోగులకు తెలియకపోవచ్చు.

రెండువేల తొమ్మిదిలో షిఫ్టు ఇన్‌చార్జి అయ్యారు. ఆ హోదాలో వారి దగ్గర పనిచేసిన ఒక ఆపరేటరు, తన ఇంట పూజకు వేళ మించిపోతున్నదని ఒక ఉదయం తల్లడిల్లుతుంటే, భాయి గారు ఫోనులో అన్న మాటలు ఇప్పటికీ మన క్యాంటీనులో వినిపిస్తాయి: "మీ దేవుడి దగ్గరికి నువ్వెళ్ళు, నేనుంటా. కానీ నేనొచ్చి నిలబడ్డాకే వెళ్ళు." సెలవు రోజున చెప్పులు మార్చుకునే తీరిక కూడా లేకుండా, ఇంట్లో వేసుకునే హవాయి చెప్పులతోనే పది నిమిషాల్లో వచ్చి నిలబడ్డారు.

రెండువేల పదహారులో సతీసమేతంగా హజ్ యాత్ర చేశారు. అంతకు రెండేళ్ళ ముందే అవకాశం వచ్చినా, వడపోత తొట్ల పునర్నిర్మాణం సగంలో ఉన్నందున వాయిదా వేసుకున్నారు. రెండోసారి కూడా తటపటాయిస్తుంటే మన కెమిస్టు మేడమ్ గారు ఊరుకోలేదు. "మీరు లేకపోతే నది ఆగిపోతుందా భాయ్? పోయి రండి" అని కసిరి పంపారు. తిరిగి వస్తూ సిబ్బంది ముప్పై ఇద్దరికీ చిన్న చిన్న సీసాల్లో జమ్‌జమ్ పవిత్ర జలం తెచ్చారు. మేడమ్ గారు తన సీసా అందుకుని, అలవాటు చొప్పున పరీక్షనాళిక తీసి చుక్కల మందు కోసం వెదికారు. గదిలో అందరి చూపులూ భాయి గారి వైపు తిరిగాయి. అందరికన్నా ముందు పగలబడి నవ్వినది భాయి గారే.

రెండువేల పంతొమ్మిది వరదల్లో నది బురదై ప్రవహించిన ఆరు రోజులు వారు ఇంటి ముఖం చూడలేదు. పటిక మోతాదు గంటకొకసారి మారుస్తూ, ఫైళ్ళ బల్లను గోడకు జరిపి, ఆ ఖాళీలోనే నమాజు చేసుకున్నారు. ఆ ఆరు రోజుల్లో మన కేంద్రం నుండి బయటకు వెళ్ళిన ప్రతి నీటి బొట్టూ పరీక్షకు నిలిచింది. దానికి ప్రశంసాపత్రం వచ్చింది. అది ఇప్పుడు ఏ బీరువాలో ఉన్నదో వారికే తెలియదు.

పెద్దమ్మాయి ఉపాధ్యాయిని, చిన్నమ్మాయి నర్సు. ఇద్దరూ తమ తమ సంసారాల్లో స్థిరపడ్డారు. విరమణానంతర ప్రణాళిక ఏమిటని భాయి గారిని అడగబోతే, జవాబు వారి శ్రీమతి గారి నుండి వచ్చింది. "ఊరందరికీ ముప్పై ఆరేళ్ళు నీళ్ళిచ్చారు, బాగానే ఉంది. మా వంటింటి కుళాయి పదకొండేళ్ళ నుంచి కారుతోంది. ముందు దాని సంగతి చూడమనండి."

ఆ కుళాయి బాగుపడుగాక. బాగుచేసిన చేతులకు, వంగిన నడుముకు, నేలకు ఆనే నుదుటికి నొప్పి తెలియని ఆరోగ్యం కలుగుగాక. ఇకపై ఏ గేజీ అడ్డుపడని శుక్రవారాలు, మనవరాళ్ళ జడలు అల్లే తీరికైన ఉదయాలు, శ్రీమతి గారి చమత్కారాలకు బదులు దొరకని సాయంత్రాలు భాయి గారికి నిండు నూరేళ్ళ వరకు సమృద్ధిగా లభించాలని మనమందరం, ఎవరి దైవాన్ని వారు తలచుకుంటూ, మనసారా కోరుకుంటున్నాము.