పోలయ్య గారి పెట్టె

అంతా నీ పేరు వల్లనే వచ్చింది. వింటున్నావా? పోయి ఏడేళ్ళాయె, ఇంకా నా నెత్తి మీద నుంచి దిగితివా? బతికినన్నాళ్ళూ సారాతో సతాయించినావు, ఇప్పుడు పేరుతో.

ఉండు, ఈ కంప పక్కకు లాగి కూచోనీ. సమాధుల తోటకు కంచె వేస్తామని పోయిన క్రిస్మస్‌కు సంఘ పెద్దలు చెప్పినారు. వేసినారా? మేకలు నీ మీదెక్కి మేస్తా ఉన్నాయి. కొయ్య శిలువ మీద సున్నంతో రాయించిన పేరు రెండు వానలకే పోయింది. సిమెంటు దిమ్మె కట్టించే తాహతు నాకు యాడిది?

ఇరవై ఆరేళ్ళు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి కోసినావు. ఎన్ని ఊళ్ళ పిల్లోళ్ళు నువ్వు కోసిన పలక మీద అఆలు దిద్దినారో! నీకు మాత్రం నీ పేరు రాయను రాదు. రేషన్ కార్డుకు వేలిముద్ర, బ్యాంకులో వేలిముద్ర. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుందని ఆసుపత్రిలో చేర్చిననాడు కూడా వేలిముద్రే. అందుకే గదయ్యా, నీ పేరు యాడో ఒకచోట, నలుగురూ చూసేట్టు ఉండాలని ఆశపడినా. అది తప్పా? దాని కోసమే ఆ పెట్టె మీద రాయించినా.

ఏ పెట్టె అంటావేంది? చర్చిలో ప్రసంగబల్ల కింద ఉండేదే. స్పైకు బాక్సు అంటారంట. ఎర్ర బల్బు వెలిగే స్విచ్చు, నాలుగు ప్లగ్గులు. మైకుసెట్టుకూ కీబోర్డుకూ కరెంటు దాంట్లో నుంచే. నువ్వు పోయిన మరుసటేడు కంభం పోయి కొనుక్కొచ్చి సంఘానికి ఇచ్చినా. బోర్డులు రాసే శివకృష్ణ చేత తెల్ల పెయింటుతో రాయించినా. కీ.శే. పోలయ్య గారి జ్ఞాపకార్థం.

గారు! ఏం, ఉలిక్కిపడినావా? బతికుండగా నిన్ను గారూ అన్నోడు ఎవుడు? మేస్త్రీ "ఒరే పోలిగా" అనేవాడు. శివకృష్ణ కూడా "జాగా చాలదు పెద్దమ్మా, గారు తీసేద్దాం" అన్నాడు. చిన్నగా రాయి, వంకరగా రాయి, గారు మాత్రం ఉండాల్సిందే అన్నా.

నవ్వితే నవ్వుకో. ఏడాదికొకసారి, అదీ క్రిస్మస్ బిర్యానీకి చర్చి గడప తొక్కే మనిషివి. నీ పేరు పోయి దేవుని వాక్యం పక్కన కూచుంది! పాస్టరు ప్రార్థన చేస్తా ఉంటే అందరూ కళ్ళు మూసుకుంటారు. నేను మూసుకునేదాన్ని కాదు. దాన్నే చూస్తా కూచునేదాన్ని. నాకు మాత్రం చదువొచ్చునా? ఏది "పో"నో, ఏది "గా"నో తెలీదు. అయినా ఆ వంకరలు చూస్తా ఉంటే నువ్వే వచ్చి కూచున్నట్టు ఉండేది.

ఆ పెట్టెను పారెయ్యమన్నాడు నీ చెల్లెలి కొడుకు యోసేపు. వైరింగు పని నేర్చుకొని బేస్తవారిపేట దాకా ఇళ్ళకు లైన్లు లాగుతా ఉన్నాడు గదా. చర్చి పని డబ్బులు తీసుకోకుండా చేస్తాడు. ఒకనాడు మైకు గరగరమంటా ఉందని పెట్టె విప్పి, నన్ను పిలిచి చూపించినాడు. లోపల నీలం రంగు బిళ్ళ ఒకటుంది, రూపాయి బిళ్ళంత. ఒక పక్క నల్లగా మాడి ఉంది.

"అత్తా, కరెంటు ఒక్కసారి ఎక్కువొచ్చినప్పుడల్లా ఆ దెబ్బ ఈ బిళ్ళ తింటది. మైకుసెట్టుకు తగలనీదు. తిని తిని ఇది పాడైపోతది. ఆఖరికి మామూలు కరెంటుకే కాగిపోయి అంటుకుంటది" అన్నాడు.

మన ఊరి కరెంటు సంగతి నీకు చెప్పాల్నా? పొలాల మోటార్లకూ ఇళ్ళకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మరు. మోటార్లన్నీ ఆగినాయంటే బల్బులు తెల్లగా మండిపోతాయి. మల్లయ్య వాళ్ళ టీవీ అట్లనే మాడిపోయింది. ఆ బిళ్ళ ఎన్ని దెబ్బలు తిన్నదో ఎవురు చూసినారు?

నేను ఊరుకున్నానా? "ఎర్ర బల్బు వెలుగుతా ఉంది గదరా, బాగుండకపోతే ఎట్ల వెలుగుతది?" అని దబాయించినా.

"బల్బు వెలిగితే కరెంటు ఉన్నట్టు అత్తా, బిళ్ళ బాగున్నట్టు కాదు. పెట్టె కూడా లోపల కమిలిపోయింది. ఇది పనికిరాదు."

"మామ పేరుందిరా దాని మీద!"

"పేరుంటే ఇంటికి తీసుకపోయి పెట్టుకో. కరెంటు మాత్రం ఇయ్యొద్దు."

ఇంట్లో పెట్టుకుంటే ఎవురు చూస్తారయ్యా? బల్లులు చూస్తాయా?

వాడు చెప్పినట్టే శుక్రవారం నాడు కొత్త పెట్టె తెచ్చి పెట్టినాడు. పాతది వెనక గదిలో బీరువా మీద పడేసినాడు. శనివారం చర్చి ఊడ్చేది నేనే గదా. వంగి చూస్తే నీ పేరు లేదు. తెల్లటి పెట్టె, దాని మీద ఏదో కంపెనీ పేరు. కంపెనీవాని పేరు దేవుని సన్నిధిలో ఉండొచ్చు, నీది ఉండకూడదు!

అదీ ఏ వారం? మరుసటి రోజు నీ జ్ఞాపకార్థ కూడిక. అర్ధవీడు నుంచి మీ అన్న వస్తా ఉన్నాడు. నువ్వు పోయిననాడు పదిమందిలో "సరిగ్గా వైద్యం చేయించకుండా చంపుకున్నావు" అని నా మొగాన అన్నాడే, ఆ మీ అన్న. నా మొగుడి పేరు యాడుందో వాడు చూడాల అనుకున్నా.

ఒక్క ఆదివారం. ఒక్కటే.

ప్లగ్గు పీకి ప్లగ్గు పెట్టడమే, దానికి చదువెందుకు? పాతది మళ్ళా బల్ల కింద పెట్టినా. కొత్తది బీరువాలో దాచినా. సోమవారం తీసేద్దామనే, నిజం. నీ మీద ఒట్టు. నీ మీద ఒట్టేస్తే ఏం లాభంలే ఇప్పుడు.

మీ అన్న రానే లేదు. మోకాళ్ళ నొప్పులంట.

రెండో పాటకు కరెంటు పోయింది. చప్పట్లు కొడతా పాడుతా ఉన్నాం. కాసేపటికి వచ్చింది, రావడం రావడమే లైట్లు కళ్ళు మూతలు పడేట్టు వెలిగినాయి. బల్ల కింద బుస్సుమంది. కంపు. నీ పేరులో నుంచి పొగ. చూస్తా చూస్తానే పక్కన తెర అంటుకుంది. ముందర చాప మీద సండేస్కూలు పిల్లోళ్ళు, ఇరవై మంది! తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నేనే లేవలేదు.

యోసేపు ఆలస్యంగా వచ్చి గుమ్మం కాడ కూచొని ఉన్నాడు. లేచినోడు మెయిన్ దించినాడు, మనుషుల్ని తోసుకుంటా వచ్చి ఆ మండే పెట్టెను రెండు చేతుల్తో లాగి బయటికి విసిరినాడు. కరిగిన ప్లాస్టిక్కు చేతులకు అంటుకపోయింది. పిల్లోళ్ళకు గోరంత దెబ్బ తగల్లేదు. స్తోత్రం.

ఒంగోలు ఆసుపత్రిలో పద్దెనిమిది దినాలున్నాడు. కుడిచేతికి మూడు వేళ్ళు ఇంక మడవడం రాదంట. స్క్రూడ్రైవరు పట్టలేని వైరింగు మనిషిని ఎవురు పిలుస్తారు, చెప్పు?

వచ్చినాక సంఘం కూచుంది. సంఘ పెద్ద వరప్రసాదం తన కాడుండే ఇంకో తాళంచెవితో బీరువా తీసి కొత్త పెట్టెను బల్ల మీద పెట్టినాడు. "బిగించినానని చెప్పినావు. ఇది బీరువాలో ఎట్లుంది?" అని అడిగినాడు.

యోసేపు తల ఎత్తినాడు. ఆడోళ్ళ పక్క చూసినాడు. వరసగా చూసుకుంటా వచ్చి నా కాడ ఆగినాడు. బీరువా తాళంచెవి నా కొంగున ఉంటదని వానికి తెలీదా? నేను ముసుగు సర్దుకున్నా.

"మర్చిపోయినా అన్నా" అన్నాడు.

అంతే. పసిపిల్లల్ని చంపబోయినోడని ఊరంతా చెప్పుకుంటా ఉంది. ఒప్పుకున్న రెండిళ్ళ వైరింగు పనీ పోయింది. పనికిమాలిన బిళ్ళేమో ఒక్కసారి కాలి ఊరుకుంది. వీడు రోజూ కాలుతా ఉన్నాడు.

చెబుదామనే పోయినానయ్యా, నిన్న. కోడికూర వండుకొని పోయినా. వాడు మంచం మీద కూచొని ఉన్నాడు, చేతులకు కట్లు. ముద్ద కలిపి నేనే నోట్లో పెట్టినా. పక్కన పెళ్ళాం ఫెబీ ఏడుస్తా తిడతా ఉంది. "ఒక్క పెట్టె మార్చను మర్చిపోతివి. మా బతుకు కాల్చుకుంటివి, మామ పేరు కూడా బూడిద చేస్తివి. అడుగు, అత్తను క్షమాపణ అడుగు!"

వాడు నమిలేది ఆపినాడు. నా కళ్ళల్లోకి చూసినాడు. కోపం లేదు. ఎదురుచూస్తా ఉన్నాడు, అంతే. ఆ ఒక్క మాటకు నేను నోరు తెరుస్తానేమో అని ఎంతసేపు చూసినాడనుకున్నావు!

నేను కూరలో ఎముకలు ఏరి పక్కకు పెట్టినా.

"మామ పేరు కాల్చేసినా అత్తా. నన్ను క్షమించు" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? ఇంకో ముద్ద కలుపుతా, "పోనీలే నాయనా, క్షమించినా" అన్నా. ఫెబీ వంగి నా కాళ్ళకు దండం పెట్టింది.