నాయనమ్మ గోకి కలిపిన స్లైమ్

సభకు పెద్దగా కూర్చున్న హెడ్మాస్టరు కొయ్చెవ్ గారికి, పెద్దలకు, పిల్లలకు, ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా రోసిత్సా టీచరుగారికి నమస్కారం. ఈరోజు జూన్ ఇరవై ఎనిమిది. పొద్దున్నుంచి దుప్పట్లు ఉతికాను, చెర్రీపళ్ల జాము కాచాను, మెట్లు కడిగాను. ఈ నాలుగు మాటలు చెప్పడమే మిగిలిన పని.

మా అమ్మాయి కాలినా ఐదో తరగతిలో ఉండగా సైన్సు ప్రదర్శనకు స్లైమ్ చేసింది. అదే, ఇంటింటా సోఫాలకు అంటుకునే ఆ జిగురుముద్ద. (నవ్వులు) వెచ్చని నీళ్లతో చేస్తే ఎక్కువ సాగుతుందా, చన్నీళ్లతో చేస్తేనా అన్నది దాని ప్రశ్న. నీళ్ల వేడి తప్ప ఇంకేదీ మారకూడదని, జిగురూ కొలతా గరిటే చివరికి కలిపే చెయ్యీ ఒకటే ఉండాలని టీచరుగారు చెప్పారు. బల్ల అంచు నుంచి వేలాడదీస్తే వెచ్చనిది నేల దాకా సాగింది, చల్లనిది సగంలోనే తెగింది. మొదటి బహుమతి కాలినాదే అన్నారందరూ.

ప్రదర్శన రోజున మా అత్తయ్య, అదిగో, మూడో వరసలో కూర్చున్న పెనా గారు, మనవరాలు ప్రయోగం రాసి నిలబెట్టిన అట్ట ముందు నిలబడి గర్వంగా అన్నారు: "చల్లగిన్నెకి అంటుకున్నదంతా నేనే గోకి వెచ్చగిన్నెలో వేశాను తల్లీ. పారేస్తే పాపం కాదూ?" రొట్టెముక్క కూడా పారేయని మా గాబ్రొవొ ఊళ్లో పుట్టిన మనిషి మరి. (నవ్వులు) మీరూ నవ్వండి అత్తయ్యా, ఫరవాలేదు.

అప్పుడు అక్కడ ఉన్నది కాలినా, టీచరుగారు, అత్తయ్య, నేను, మేం నలుగురమే. నిర్ణేతలు ఇంకా పక్క బల్ల దగ్గరే ఉన్నారు. టీచరుగారు కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. "ఇప్పుడు నీకు ఏం తెలుసు, కాలినా?" అని మాత్రం అడిగారు.

పిల్ల కళ్లనిండా నీళ్లు. "వెచ్చనీళ్ల సంగతి నాకింకా తెలీదు, టీచర్," అని, ఆ ముక్కే కాగితం మీద రాసి, అట్టమీద ఉన్న తన జవాబుపై తనే అంటించింది. బహుమతి పక్క బల్లకు వెళ్లింది.

ఆ శనివారం టీచరుగారు తన జిగురుసీసా పట్టుకుని మా వంటింటికి వచ్చారు. అత్తయ్య చేతులకు అల్లిక పని అప్పజెప్పి (నవ్వులు) మళ్లీ మొదటినుంచీ చేశాం. రెండు ముద్దలూ పక్కపక్కనే, కిటికీ వెలుగు పడి మెరుస్తూ, ఒకే తీరున మెల్లగా కిందికి దిగాయి. ఇలాంటివి ఎన్ని వందలు చూసి ఉంటారో, అయినా టీచరుగారు నేలమీద మోకాళ్లపై కూర్చుని, మా పిల్లతో సమానంగా ఊపిరి బిగబట్టి చూశారు.

"తేడా లేదు," అంది కాలినా, గుడిలో మాట్లాడినంత మెల్లగా.

తేడా లేకపోవడం అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. (విరామం)

ఓపిగ్గా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. రోసిత్సా గారూ, ఆరోజు మీ జిగురుసీసా మా ఇంట్లో ఖాళీ అయింది. ఇదిగో కొత్తది, నిండుగా ఉంది. నేను తీర్చగలిగిన బాకీ ఇదొక్కటే. తీరింది. సెలవు.